విమానాశ్రయంలో కొలువు: మారే ముందు చూసుకోవలసిన లెక్కలు

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దేవనహళ్ళి సమీపంలోని కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం బెంగళూరులో స్థిరపడిన మనవారిలో చాలామందికి అటువంటి కొండగానే కనబడుతుంది. అద్దాల భవనం, ఇస్త్రీ చెదరని దుస్తులు, మెడలో గుర్తింపు పత్రం, రోజూ కొత్త ముఖాలు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడే యువతికి, గార్మెంట్స్ కర్మాగారంలో పర్యవేక్షకునికి, హోటల్ వంటవానికి, ఆసుపత్రిలో రోగుల పేర్లు నమోదు చేసే గుమస్తాకు ‘అక్కడికి మారితే బాగుండును’ అనిపించడం సహజం.

ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే అది నిర్ణయంగా మారేలోపు మూడు సంగతులు తెలిసి ఉండాలి. మీరు ఎవరి ఉద్యోగి అవుతారు? మీరు లోపలికి వెళ్ళే పాసు ఎవరిపై ఆధారపడి ఉంటుంది? మీ రోజులోని ఇరవై నాలుగు గంటలలో ఎన్ని గంటలను ఆ కొలువు తీసుకుంటుంది? జీతం ఎంత అన్నది నాలుగవ ప్రశ్న. సాధారణంగా మనం దానినే మొదట అడుగుతాము, తక్కిన మూడింటిని చేరిన తరువాత తెలుసుకుంటాము. ఆ క్రమాన్ని తిరగవేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ చోటు స్వరూపం

2008 మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు, నగరం నడుమనున్న పాత హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం నుండి సాధారణ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. 2019 డిసెంబరులో రెండవ రన్‌వే వాడుకలోకి వచ్చింది. 2022 నవంబరులో రెండవ టెర్మినల్‌కు ప్రారంభోత్సవం జరిగింది. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ విమానాలు అక్కడికి మారాయి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఈ విమానాశ్రయం గుండా ప్రయాణించినవారి సంఖ్య నాలుగు కోట్లు దాటింది.

నాలుగు కోట్లంటే సగటున రోజుకు లక్షమందికి పైగా. ఇంతమందికి సామాను ఎత్తేవారు, దారి చూపేవారు, అన్నం పెట్టేవారు, నేల తుడిచేవారు, తనిఖీ చేసేవారు, లిఫ్టులు నడిపించేవారు కావాలి. కనుక అక్కడ కొలువులు ఉన్నమాట నిజం. విమానాశ్రయం పెరుగుతున్నకొద్దీ అవి పెరుగుతున్నమాట కూడా నిజమే. అయితే ఆ కొలువులన్నీ ఒకే ఇంటివి కావు.

ఒకే కప్పు, అనేక యజమానులు

‘ఎయిర్‌పోర్టులో ఉద్యోగం’ అనే మాటకు దానంతట అదిగా స్పష్టమైన అర్థం లేదు. ఆ ఆవరణలో కనీసం అయిదు రకాల యజమానులు ఉంటారు.

మొదటిది విమానాశ్రయాన్ని నిర్వహించే సంస్థ. బెంగళూరులో అది ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో ఏర్పడిన కంపెనీ. దాని సొంత ఉద్యోగులు ఆవరణలో పనిచేసే మొత్తం జనంలో కొద్దిమందే.

రెండవది విమాన సంస్థలు. టికెట్టు చూసి బోర్డింగ్ పాసు ఇచ్చేవారిలో, విమానంలో సేవలందించే సిబ్బందిలో అనేకులు వీటికి చెందినవారు.

మూడవది గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థలు. విమానం దిగినది మొదలు మళ్ళీ ఎగిరేవరకు సామాను దించడం, ఎక్కించడం, మెట్లబండి తేవడం, నడవలేనివారిని చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళడం వంటి పనులు వీటివి. కొన్ని విమాన సంస్థల తరఫున కౌంటర్లలో కూర్చునేవారు కూడా నిజానికి ఈ సంస్థల ఉద్యోగులే. దుస్తులపై ఉన్న గుర్తు ఒకరిది, జీతం ఇచ్చేవారు మరొకరు.

నాలుగవది దుకాణాలు, హోటళ్ళు, శుభ్రత, విద్యుత్తు, ఎయిర్ కండిషనింగ్, పార్కింగ్ వంటి సేవల గుత్తేదారులు. మనవారికి ఎక్కువగా దొరికే అవకాశాలు మూడవ, నాలుగవ వర్గాలలోనివే.

అయిదవది ప్రభుత్వం. ప్రయాణికుల భద్రతా తనిఖీ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది, అంటే సి.ఐ.ఎస్.ఎఫ్.ది. ఆకాశంలో విమానాల రాకపోకలను నియంత్రించేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. కస్టమ్స్, ఇమిగ్రేషన్ శాఖలు కేంద్ర ప్రభుత్వానివి. ఈ కొలువులు సాధారణంగా బహిరంగ ప్రకటన, పోటీ పరీక్షల ద్వారా లభిస్తాయి.

యజమాని ఎవరన్నది ఎందుకంత ముఖ్యం? విమానాలు ఎగురుతూనే ఉన్నా, మీ సంస్థ ఆగిపోవచ్చు గనుక. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ తమ విమానాలను నిలిపివేశాయి. విమానాశ్రయాలు మాత్రం యథాప్రకారం నడిచాయి. 2025 మే 15న చెలెబి అనే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థకు ఉన్న భద్రతా అనుమతిని పౌర విమానయాన భద్రతా విభాగం జాతీయ భద్రత కారణంగా రద్దు చేసింది. దేశంలోని తొమ్మిది విమానాశ్రయాలలో ఆ సంస్థ కింద వేలమంది పనిచేస్తూ ఉండేవారు. వారిని ఇతర సంస్థలలోకి తీసుకునే ఏర్పాట్లు జరిగాయి గాని, ఒక్క రోజులో యజమాని మారిపోవడం వారిలో ఎవరూ ఊహించినది కాదు. ఇక 2020 మార్చి 25 నుండి మే 25 వరకు దేశీయ ప్రయాణికుల విమానాలే లేవు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పేవి కావు. ఈ రంగంలో ఒడుదొడుకులు ఉంటాయని, అవి ఉద్యోగి పనితీరుతో సంబంధం లేకుండా వస్తాయని తెలియడానికి చెప్పేవి.

కనుక నియామక పత్రం చేతికి రాగానే మొదట చూడవలసినది జీతం అంకె కాదు. పై భాగంలో ఏ సంస్థ పేరు ఉన్నది, అది శాశ్వత నియామకమా, నిర్ణీత కాలపు ఒప్పందమా, ఆ సంస్థకు విమానాశ్రయంలో ఉన్న గుత్త ఎప్పటితో ముగుస్తుంది అన్నవి.

మెడలోని పాసు

విమానాశ్రయం లోపల పనిచేసేవారికి ప్రవేశ అనుమతి పత్రం ఉండాలి. వాడుకలో దానినే పాసు అంటారు. దీనికి సంబంధించిన నియమాలు పౌర విమానయాన భద్రతా విభాగానివి. అభ్యర్థి పూర్వాపరాల విచారణ, భద్రతా అవగాహన శిక్షణ పూర్తయిన తరువాతనే అది అందుతుంది.

వలస వచ్చినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మన పేర్ల తీరు వేరు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ముందుంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, ఒక్కొక్కసారి చివరన ఉంటుంది. పాన్ కార్డులో మరో విధంగా ఉంటుంది. పెళ్ళయిన స్త్రీలకు కొన్ని పత్రాలలో పుట్టింటి పేరు, కొన్నింటిలో అత్తింటి పేరు ఉంటాయి. ఇంట్లో ఎవరికీ పట్టని ఈ తేడా, పూర్వాపరాల విచారణలో మాత్రం ప్రశ్నగా మారుతుంది. ఉద్యోగానికి దరఖాస్తు చేయకముందే అన్ని పత్రాలలో పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒకే విధంగా ఉండేలా సరిచేయించుకోవడం మంచిది. అద్దె ఇల్లు మారినవారు ప్రస్తుత చిరునామాకు ఆధారం సిద్ధం చేసుకోవాలి. స్వస్థలం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్నవారి విషయంలో అక్కడి ఠాణా నుండి కూడా విచారణ జరగవలసి వస్తే మరికొంత కాలం పట్టవచ్చు.

ఈ విచారణ ముగిసేవరకు మీకు జీతం మొదలవుతుందా, లేదా అన్నది ముందుగానే అడగవలసిన ప్రశ్న. అది తేలకుండా పాత కొలువుకు రాజీనామా ఇచ్చినవారు నడుమ వారాల తరబడి ఆదాయం లేక ఇబ్బంది పడతారు.

మరొక సంగతి. ఆ పాసు మీ సొంత ఆస్తి కాదు. యజమాని పేరు మీద, మీ విధి నిర్వహణ కోసం ఇచ్చినది. సంస్థ మారితే పాతది అప్పగించి కొత్తది పొందాలి. విధిలో లేని వేళ దానిని వాడరాదు. మీ ఊరి బంధువులు అమెరికాకు వెళ్తున్నారని వారితోపాటు లోపలివరకు వెళ్ళి సాగనంపడం కూడా నియమోల్లంఘనమే. ‘మనవాడు అక్కడే పనిచేస్తాడు కదా’ అని అడిగే చుట్టాలకు మొదటిరోజే మర్యాదగా కాదని చెప్పవలసి ఉంటుంది. పాసు పోగొట్టుకుంటే సంస్థకు, పోలీసులకు వెంటనే తెలియజేయాలి.

గంటల లెక్క

విమానాశ్రయానికి రాత్రి లేదు. ఉదయపు విమానాల రద్దీ తెల్లవారకముందే మొదలవుతుంది. విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి వేళ వచ్చిపోతుంటాయి. అందుచేత పనివేళలు వంతులుగా ఉంటాయి. ఈ వారం తెల్లవారుజామున నాలుగింటికి మొదలైతే, పై వారం రాత్రి పదింటికి మొదలు కావచ్చు. వారాంతపు సెలవు ఆదివారమే రావాలని లేదు.

పండుగల సంగతి మరీ గమనించదగినది. సంక్రాంతికి, దసరాకు నగరం ఖాళీ అయ్యేటప్పుడే విమానాశ్రయం నిండుతుంది. మీ ఇంటివారు ఊరికి బయలుదేరే రోజున మీకు సెలవు దొరకడం కష్టం. చలికాలపు ఉదయాలలో దేవనహళ్ళి ప్రాంతంలో మంచు కమ్మి విమానాలు ఆలస్యమైతే, విధి ముగిసే వేళ కూడా జరుగుతుంది.

దీనికి దూరం తోడవుతుంది. మెజెస్టిక్ నుండి విమానాశ్రయం సుమారు 35 కిలోమీటర్లు. మారతహళ్ళి వైపు నుండి ఇంకా ఎక్కువ. నగర రవాణా సంస్థ వారి వాయువజ్ర బస్సులు రాత్రింబవళ్ళు నడుస్తాయి, అయితే అన్ని మార్గాలలోనూ రాత్రివేళ ఒకే విధంగా ఉండవు. 2021 జనవరిలో విమానాశ్రయం వద్ద రైలు హాల్టు ఏర్పడింది గాని, అక్కడ ఆగే రైళ్ళు కొద్ది. వాటి వేళలు మీ వంతుకు సరిపోవాలి. కొన్ని సంస్థలు రాత్రి వంతులవారికి వాహనం ఏర్పాటు చేస్తాయి. అది ఇంటి గుమ్మం వరకు వస్తుందా, ముఖ్య రహదారి వరకేనా, స్త్రీలకు తోడుగా రక్షకులు ఉంటారా అన్నవి వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

జీతాన్ని గంటలతో భాగించండి

ఇప్పుడు నాలుగవ ప్రశ్నకు వద్దాము. ఇది కేవలం ఉదాహరణ. ఒకరికి ఇప్పుడు చేతికందే జీతం నెలకు 22,000 రూపాయలు అనుకుందాము. పని తొమ్మిది గంటలు, రానుపోను ఒక గంట. నెలకు 26 రోజులకు మొత్తం 260 గంటలు. గంటకు సుమారు 85 రూపాయలు పడుతుంది.

విమానాశ్రయంలో 25,000 ఇస్తామన్నారు. పని అదే తొమ్మిది గంటలు, మారతహళ్ళి నుండి రానుపోను నాలుగు గంటలు. మొత్తం 338 గంటలు. గంటకు 74 రూపాయలు. జీతం మూడువేలు పెరిగినట్లు కనబడుతున్నది గాని, మీ గంట విలువ పదకొండు రూపాయలు తగ్గింది. బస్సు ఖర్చు ఇందులో చేర్చలేదు.

అదే మనిషి యెలహంక ప్రాంతంలో ఉండి, రానుపోను గంటన్నరలో ముగించగలిగితే మొత్తం 273 గంటలు. గంటకు సుమారు 92 రూపాయలు. అంటే అదే కొలువు, అదే జీతం. ఒకరికి నష్టం, మరొకరికి లాభం. తేడా ఇంటి చిరునామాలో ఉన్నది. ఇల్లు మారదామనుకుంటే కొత్త అద్దె, అడ్వాన్సు, పిల్లల బడి, జీవిత భాగస్వామి పనిచేసే చోటు కూడా ఈ లెక్కలోకి రావాలి.

జీతం మాట్లాడేటప్పుడు మొత్తం అంకెను కాక చేతికందే అంకెను అడగండి. భవిష్య నిధికి సాధారణంగా మూల వేతనంలో 12 శాతం మీ వంతుగా కోత పడుతుంది. వేతనం 21,000 రూపాయలకు లోబడినవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తే 0.75 శాతం కోత ఉంటుంది, బదులుగా కుటుంబానికి వైద్యం లభిస్తుంది. ఇప్పుడు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న పెద్దలు ఇంట్లో ఉంటే, కొత్త జీతం ఆ హద్దు దాటినందువల్ల ఆ సౌకర్యం పోతుందేమో చూసుకోవాలి.

మీ చేతిలోని పని ఎక్కడ అక్కరకు వస్తుంది

కొలువు మారడమంటే మొదటి మెట్టు నుండి ఆరంభించడమని అనుకోనక్కరలేదు. ఇన్నాళ్ళ అనుభవానికి తగిన చోటును వెదకండి.

దుకాణంలో, ఆసుపత్రి కౌంటరులో పనిచేసినవారికి ప్రయాణికుల సేవా విభాగం సరిపడుతుంది. కన్నడం, ఇంగ్లీషు, హిందీలతోపాటు తెలుగు వచ్చి ఉండటం అక్కడ నిజమైన బలం. పిల్లల దగ్గరకు తొలిసారి విదేశం వెళ్ళే వృద్ధ దంపతులకు, రాయలసీమ పల్లెల నుండి వచ్చి ఏ గేటుకు పోవాలో తోచక నిలబడినవారికి సొంత భాషలో ఒక్క మాట ఎంత ధైర్యమిస్తుందో చెప్పనక్కరలేదు. అయితే స్థానిక ప్రయాణికులతో, తోటి సిబ్బందితో వ్యవహరించడానికి మాట్లాడే కన్నడం తప్పనిసరిగా వచ్చి ఉండాలి.

ఎలక్ట్రీషియన్లు, ఎయిర్ కండిషనింగ్, లిఫ్టు మెకానిక్కులు భవన నిర్వహణ విభాగంలో ప్రయత్నించవచ్చు. గోదాములలో లెక్కలు చూసినవారికి సరకుల విభాగం ఉన్నది. పూలు, కూరగాయలు, పండ్లు విదేశాలకు వెళ్ళే ముఖ్య ద్వారాలలో బెంగళూరు ఒకటి. ప్రమాదకర వస్తువుల రవాణాకు సంబంధించిన శిక్షణ పొందినవారికి అక్కడ ప్రాధాన్యం ఉంటుంది. ఆ శిక్షణను రెండేళ్ళకొకసారి తిరిగి పొందాలి. భారీ వాహనాల డ్రైవర్లు విమానాలు నిలిచే ప్రాంతంలో బండి నడపాలంటే మామూలు లైసెన్సుతోపాటు ప్రత్యేక అనుమతి, కంటి పరీక్ష అవసరం. మద్యం అలవాటు ఉన్నవారు అటువైపు చూడకపోవడం మేలు. విధిలోకి వచ్చేవారికి శ్వాస పరీక్షలు జరుగుతాయి.

సామాను ఎత్తే పనికి దేహబలం కావాలి. ఒక్కో పెట్టె బరువు 32 కిలోల వరకు ఉండవచ్చు. ఎండలో, వానలో, ఇంజన్ల హోరులో గంటల తరబడి పని. నడుము నొప్పి, రక్తపోటు ఉన్నవారు, నలభై దాటినవారు ముందుగా వైద్యుని అడగండి. విమానాల మరమ్మతు ఇంజినీరుకు పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు కావాలి. దానికి ఏళ్ళ చదువున్నది. కొద్ది నెలల కోర్సుతో అది వస్తుందని చెప్పేవారిని నమ్మరాదు.

డబ్బు అడిగితే అది కొలువు కాదు

విమానాశ్రయం పేరు చెప్పి జరిగే మోసాలకు ఉద్యోగం కోసం ఆరాటపడేవారే బలి అవుతారు. ఫోనుకు సందేశం వస్తుంది. విమాన సంస్థ గుర్తుతో నియామక పత్రం వస్తుంది. తరువాత యూనిఫారానికి ఇంత, వైద్య పరీక్షకు ఇంత, తిరిగి ఇచ్చే డిపాజిట్టు ఇంత అని వరుసగా అడుగుతారు. అసలైన సంస్థ నియామకానికి రుసుము అడగదు. సి.ఐ.ఎస్.ఎఫ్., కస్టమ్స్ వంటి చోట్ల ‘లోపలివారి ద్వారా’ కొలువు ఇప్పిస్తామనేవారు నూటికి నూరుపాళ్ళు మోసగాళ్ళే.

ప్రకటన చూసినప్పుడు ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో అదే ఉద్యోగం ఉన్నదేమో చూడండి. ఉత్తరం సంస్థ పేరుతో కాక సాధారణ ఉచిత ఈమెయిలు నుండి వచ్చిందంటే అనుమానించండి. శిక్షణ సంస్థలు ‘నూరు శాతం ఉద్యోగం’ అంటే, గత సంవత్సరం చేరినవారిలో ఎవరెవరు ఎక్కడ పనిచేస్తున్నారో చూపమని అడగండి. వారిచ్చే ధ్రువపత్రం ఉద్యోగానికి హామీ కాదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా తెలియజేస్తే, ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

రాజీనామా ఉత్తరం వ్రాసే ముందు

మౌఖిక హామీ మీద ఉన్న కొలువును వదలకండి. సంతకం చేసిన నియామక పత్రం, చేరవలసిన తేదీ, పాసు వచ్చేవరకు జీతం సంగతి, వంతుల పట్టిక తీరు, రవాణా ఏర్పాటు, ప్రొబేషను కాలం, మధ్యలో మానితే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఉన్నదా అన్నవి కాగితం మీద ఉండాలి. ఉన్నచోట అయిదేళ్ళ సర్వీసుకు కొద్ది నెలలే తక్కువైతే, గ్రాట్యుటీ కోసం ఆగడం లాభమేమో లెక్క చూడండి. భవిష్య నిధిని ఖర్చుకు తీయక, అదే ఖాతా సంఖ్యతో కొత్త యజమాని వద్దకు బదిలీ చేయించుకోండి. చేతిలో మూడు నెలల ఇంటి ఖర్చు ఉంచుకోండి.

వీలైతే ఒక పరీక్ష చేసి చూడండి. సెలవురోజున, మీకు పడబోయే వంతు వేళకే లేచి, ఇంటి నుండి విమానాశ్రయం వరకు బస్సులో వెళ్ళి, తిరిగి రండి. మరునాడు కూడా అలాగే చేయండి. రెండవ రోజు ఒంటికి, ఇంటికి ఎలా ఉన్నదో దానిని బట్టి మీకే తెలుస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో తెల్లవారుజామున రెండింటికి తలుపు తీసి వెళ్ళేవారి నిర్ణయం ఒక్కరిది కాదు. దానిని ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకోవాలి.

ఈ లెక్కలన్నీ సరిపోయినవారికి విమానాశ్రయం మంచి చోటు. నియమబద్ధమైన పని, నేర్చుకున్నకొద్దీ తెరుచుకునే దారులు, దేశంలో ఏ నగరంలోనైనా విలువ ఉండే అనుభవం అక్కడ దొరుకుతాయి. లెక్క సరిపోనివారికి ఇప్పుడున్న కొలువులోనే మెరుగైన స్థానం అడగడమో, ఇంటికి దగ్గరలో అదే నైపుణ్యానికి మరో చోటు వెదకడమో ఉత్తమం. ఏ దారి ఎంచుకున్నా యజమాని, పాసు, గంటలు, జీతం అనే నాలుగు ప్రశ్నలకూ జవాబులు కాగితం మీద వ్రాసుకున్న తరువాతనే ఎంచుకోండి.